డప్పూ, ప్రభువు బల్లా

మా నాయనకు బల్ల ఆపేసిన ఆదివారం నేను గుళ్ళోనే ఉన్నాను. 1995 అక్టోబరు. మా సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు ప్రభువు బల్ల పెడతారు. రొట్టె ముక్కల పళ్ళెం చాపల వరస వెంట వస్తా ఉంది. మా నాయన చెయ్యి చాపాడు. పళ్ళెం పట్టుకున్న మనిషి ఒక్క రవ్వ ఆగి, ఆయన్ని దాటేసి, పక్కనున్న మా చిన్నాయన ముందు పెట్టాడు. మా నాయన చెయ్యి కాసేపు అట్టాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని తెచ్చి మోకాలి మీద పెట్టుకున్నాడు. అంతకు ముందే పాస్టరుగారు బల్లకు దూరంగా ఉండాల్సిన వాళ్ళ పేర్లు చదివారు. ఒకడు పెళ్ళాం ఉండగా ఇంకో మనువు చేసుకున్నవాడు, ఒకడు దొంగసారా కాసేవాడు, మూడో పేరు మా నాయనది. రెండు వారాల కిందట ఆయన్ని పిలిచి ఒక మాట అడిగారు, అంతే. శిక్ష పడుతుందని ఎవరూ చెప్పలేదు. పేరు చదివినా ఆయన నమ్మలేదు. నమ్మించింది పళ్ళెమే.

ఆయన చేసిన పాపం డప్పు కొట్టడం.

ఉద్యమంలో ఉన్న మిత్రులకు ఇది చిన్న సంగతిగా కనిపించొచ్చు. "రొట్టె ముక్క పెట్టకపోతే పోయిందేముంది, ఆ గుడే మానేస్తే సరి" అని నాతో అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఊరి బావి మాది కాదు, ఊరి గుడి మాది కాదు, టీ కొట్లో గ్లాసు వేరు. నలుగురితో కలిసి ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టే చోటు మా పల్లెలో అదొక్కటే. మా ముత్తాతలు మోక్షం కోసం మతం మారారో లేదో నేను చెప్పలేను గానీ ఆ పళ్ళెం కోసం మారారని మాత్రం చెప్పగలను. ఆ పళ్ళెం దాటిపోయిందంటే మనిషి మళ్ళీ ఊరి బావి గట్టున, కడవ చేతిలో పట్టుకుని, ఎవరో వచ్చి నీళ్ళు పొయ్యాలని నిలబడ్డట్టే. ఈసారి నిలబెట్టింది మనోళ్ళు. పాస్టరుగారు మా కులపోడే. కమిటీ పదకొండు మందీ మా కులపోళ్ళే.

మాది ప్రకాశం జిల్లా. మా మాదిగపల్లె మొత్తం బాప్టిస్టులం. తోలు వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకుని ఈ ప్రాంతంలో దారి వేశాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు లెక్కకు ఎనిమిది మంది. ధాత కరువులో, అంటే 1876-78లో, క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మా వాళ్ళకు కూలి చూపించాడు. కూడు కోసం మతం మారారని ఎవరూ అనకుండా, ఆ పనులు నడుస్తున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. తర్వాత 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో మూడు రోజుల్లో 3,536 మంది మునిగారు. అందులో జూలై 3 ఒక్కరోజునే 2,222 మంది. ఆ గుంపులో మా తాత ముత్తాత ఒకడున్నాడని మా అవ్వ చెప్పేది. ఆయన పేరు ఏ పుస్తకంలోనైనా ఉందో లేదో గానీ మా అవ్వ నోట్లో ఉండేది.

మునిగేవాళ్ళకు దొర పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి పరలోకం సంగతుల్లాగా ఉంటాయి. ఊళ్ళో మాత్రం ఒక్కొక్కటీ ఒక్కొక్క గుద్దులాగా తగిలింది. ఆదివారం పనికి పోమంటే వెట్టికి పోమన్నట్టు. గొడ్డు మాంసం తినమంటే చచ్చిన గొడ్డును ఈడ్చమన్నట్టు. విగ్రహాలకు మొక్కమంటే పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టమన్నట్టు. కరణాలకూ రెడ్లకూ కమ్మోరికీ మా దేవుడు ఎవరైతే ఏం, కొలుపు నాడు డప్పు లేకపోవడమే పెద్ద నొప్పి. డప్పు లేకపోతే అమ్మవారు కదలదు, శవం లేవదు, చాటింపు పడదు. మా వాళ్ళు డప్పు దించడం బోధా అయ్యింది, సమ్మే అయ్యింది. ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయన్న సంగతి ఈ కథంతటికీ మూలం. మూడు తరాల తర్వాత మా పల్లెలో బోధ మిగిలింది, సమ్మె మర్చిపోయారు.

1994 జూలై 7న మా జిల్లాలోనే, ఈదుముడిలో, దండోరా పుట్టింది. మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నాడు. అప్పటిదాకా కులం పేరు చెప్పాల్సి వస్తే గొంతు తగ్గించే మేము పేర్ల పక్కన ఆ మాట రాసుకోవడం మొదలుపెట్టాం. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, ఒంగోల్లో ఇంటర్ తప్పి మళ్ళీ కడుతున్నాను. దండోరా అంటేనే డప్పు. మండలంలో మీటింగు పెడుతున్నాం, డప్పుల్తో రావాలని కబురొచ్చింది. మా పల్లెలో డప్పేదీ? వందేళ్ళ నుంచీ ఒక్క ఇంట్లో లేదు. కొట్టడం వచ్చినవాడు మా నాయన ఒక్కడే. చిన్నప్పుడు మేనమామల ఊళ్ళో ఉండి నేర్చుకున్నాడు, ఆ ఊరు మతంలో కలవలేదు. ఆ విద్య సంగతి మా అమ్మకు కూడా తెలీదు. వాళ్ళ ఊరికి పోయి నాలుగు డప్పులు తెచ్చాడు. సాయంత్రం పూట దొడ్లో వరిగడ్డి మంట వేసి తోలు కాపేవాడు. చిర్ర ఏ చేత్తో, చిటికెన పుల్ల ఏ చేత్తో పట్టుకోవాలో మా కుర్రాళ్ళకు చూపించేవాడు. మా నాయన మొహంలో అట్టాంటి వెలుగు నేను గుళ్ళో కూడా చూడలేదు. ఈ మాట రాస్తే మా అమ్మ నొచ్చుకుంటుంది, అయినా రాస్తున్నాను.

మీటింగు జరిగింది. వారం తిరక్కముందే కమిటీలో ఒకాయన కంప్లయింటు పెట్టాడు. గుడి మాన్యం కౌలు లెక్కలు చూపించమని అంతకు ముందు ఏడాది మా నాయన నలుగుర్లో అడిగింది ఆయన్నే. కంప్లయింటు పెట్టినవాడే కమిటీలో కూర్చున్నాడు, అడగాల్సినవి అడిగాడు, శిక్ష ఎంతో చెప్పాడు. మా నాయన్ని పాస్టరుగారి అరుగు మీద గంటసేపు కూర్చోబెట్టి లోపలికి పిలిచారు.

"డప్పు కొట్టావా లేదా?"

"కొట్టాను అయ్యగారూ. ఎందుకు కొట్టానంటే..."

"ఎందుకో మాకు అనవసరం. కొట్టావు గదా. ఇంక పో."

అంతే విచారణ. తర్వాత తెలిసింది, లోపల నేరం మూడుసార్లు మారిందంట. మొదట విగ్రహారాధన అన్నారు. ఆ సభలో విగ్రహం ఎక్కడుందని ఒక కుర్ర టీచరు అడిగాడు. అప్పుడు లోక సంబంధమైన సభకు పోయాడన్నారు. కాంగ్రెసు, తెలుగుదేశం సభలకు లారీలెక్కి పోయినవాళ్ళు కమిటీలోనే నలుగురున్నారు. చివరికి పెద్దలకు ఎదురు చెప్పాడు అన్న దగ్గర ఆగింది. ఎదురు చెప్పనిస్తే గదా చెప్పేది!

చాలా ఏళ్ళు నేను ఈ గొడవను ఒక్క ప్రశ్నగానే చూశాను. డప్పు పాపమా కాదా? దానికి జవాబు కోసం బైబిలు తిరగేశాను. నిర్గమకాండం పదిహేనో అధ్యాయంలో, ఎర్రసముద్రం దాటిన తర్వాత మోషే అక్క మిర్యాము ఒక వాయిద్యం చేత పట్టుకుంటుంది, ఆడవాళ్ళంతా ఆమె వెంట అవే వాయించుకుంటా ఆడతా పోతారు. బానిసత్వం నుంచి బయటపడ్డ జనం మొదటి పండగ అది. మన తెలుగు బైబిల్లో ఆమె చేతిలో ఉన్నది తంబుర. తంబుర అంటే మనకు తెలిసింది ఏంది? తీగల వాయిద్యం, భజనల్లో బైరాగులు మీటేది. హీబ్రూలో ఉన్న మాట తోఫ్. గుండ్రటి చట్రానికి తోలు బిగించి కొట్టే వాయిద్యం. అంటే డప్పు. మిర్యాము చేతిలో ఉన్నది డప్పు! తర్జుమా చేసినవాళ్ళకు డప్పు అన్న మాట తెలీక కాదు గదా. పరిశుద్ధ గ్రంథంలో అది రాయడానికి చెయ్యి రాలేదేమో అని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు. ఆ మాట అక్కడ పడి ఉంటే మా నాయనకు ఆ రోజు ఒక సాక్షి ఉండేది.

ఇది కనిపెట్టినప్పుడు నాకు పట్టరాని సంతోషం వేసింది. గెలిచాననుకున్నాను. పైగా మా గుళ్ళో తబలా ఉంది, డోలక్ ఉంది. వాటికున్నదీ తోలే. తబలా వేదిక ఎక్కొచ్చు, డప్పు గడప తొక్కకూడదు. ఇది బ్రాహ్మణీయం కాక ఇంకేందని ఒక కరపత్రం రాసి, ఒంగోల్లో అచ్చేయించి పల్లెలో పంచాను. అందులో కమిటీ పెద్దల్ని ఊరి పెత్తందార్ల తొత్తులన్నాను. ఒకాయన్ని గుర్తుపట్టేటట్టు కూడా రాశాను. ఆయన మా నాయనకు చిన్నాయన వరస, నాకు తాత. చదువు రాదు. కమిటీలో మా నాయనకు వ్యతిరేకంగా అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆయనేనని విన్నాను. విన్నాను, అంతే. ఆయన్ని అడగలేదు.

ఎనిమిదేళ్ళ తర్వాత, 2003లో, ఆయన మంచాన పడ్డాడంటే చూడ్డానికి పోయాను. మాటల మధ్య తబలా సంగతి తెచ్చాను. ఇంకా వాదనలో గెలవాలనే ఉంది నాకు. ఆయన చాలాసేపు చూరు వంక చూసి అన్నాడు, "తబలా కొట్టమని మమ్మల్నెవడూ చెట్టుకు కట్టలేదు అబ్బయా."

అప్పుడు చెప్పాడు. ఆయనకు ఏడెనిమిదేళ్ళప్పుడు కొలుపుకు డప్పు కొట్టనన్నందుకు వాళ్ళ నాయన్ని ఊరి వేపచెట్టుకు కట్టేసి బర్రె పగ్గంతో కొట్టారంట. కొడుతున్నంతసేపూ ఎదురుగా ఒక డప్పు పెట్టి, తీసుకుంటే వదిలేస్తామన్నారంట. తీసుకోలేదు. ఇంటికి తెచ్చాక పది రోజులు బోర్లా పడుకున్నాడు. "మీ నాయన దొడ్లో ఆ మోత వినబడ్డ రోజు నాకు మా నాయన వీపు కనబడింది. అది పాపమో కాదో నాకేం తెలుసు? వాక్యం చదివినోణ్ణా? నన్నెవురూ అడగలా. చెయ్యెత్తమన్నారు, ఎత్తాను. నువ్వు కూడా అడగలా, కాగితంలో ఏసేశావు."

నాకు నోరు పెగల్లేదు. ఆ కరపత్రం ఆయనకు ఎవరో చదివి వినిపించారన్నమాట. ఎనిమిదేళ్ళ నుంచీ ఆ ముసలాయన నన్ను చూసినప్పుడల్లా "బాగుండావా అబ్బయా" అని అడుగుతానే ఉన్నాడు. నేను దాన్ని చేతగానితనం అనుకున్నాను.

అక్కణ్ణించి నా ప్రశ్న రెండు ప్రశ్నలయ్యింది. డప్పు గురించి ఎవరి మాట నిజం అన్నది ఒకటి. ఆ నిజాన్ని తేల్చిన పద్ధతి న్యాయమైందా అన్నది రెండోది. మొదటిదానిలో గెలిస్తే రెండోది దానంతటదే వస్తుందని నేను నమ్మాను, కమిటీ కూడా అట్టాగే నమ్మింది. మాది నిజమైన బోధ కాబట్టి విచారణ ఎట్టా చేస్తేనేం అని వాళ్ళు, మాది ఆత్మగౌరవం కాబట్టి ఎవర్ని ఏమంటేనేం అని నేను. మా నాయన చెప్పబోయింది వాళ్ళు వినలేదు. తాత చెప్పేది ఒకటుందని నాకసలు తట్టనే లేదు. డప్పు పాపమే అనుకుందాం కాసేపు. అప్పుడు కూడా ఆ శనివారం రాత్రి జరిగింది అన్యాయమే. డప్పు పవిత్రమే అనుకుందాం. అప్పుడు నా కరపత్రం న్యాయమైపోతుందా?

వాళ్ళు చేతిలో పట్టుకున్న పుస్తకంలోనే దీనికి వరస ఉంది. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో, తప్పు చేసిన సహోదరుణ్ణి ముందు ఒంటరిగా కలిసి మాట్లాడమని ఉంది. వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో, అప్పటికీ వినకపోతేనే సంఘం ముందుకు. యోహాను ఏడో అధ్యాయంలో నీకొదేము అనే పరిసయ్యుడు, మనిషి మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని తన తోటి పెద్దల్ని నిలదీస్తాడు. వాళ్ళు జవాబు చెప్పకుండా నువ్వూ గలిలయవాడివేనా అని ఎగతాళి చేస్తారు. వాదన లేనప్పుడు పుట్టిన ఊరు ఎత్తడం అప్పటి నుంచే ఉందన్నమాట. మా కమిటీలో ఆ కుర్ర టీచర్ని కూడా, నువ్వు దండోరావాడివా అని కూర్చోబెట్టారు.

నేను యూనివర్సిటీకి పోయాక లైబ్రరీలో చర్చి చరిత్ర పుస్తకాలు చదవడం పట్టుకుంది. మా డప్పు సంగతి ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. డప్పు దొరక్కముందు జంధ్యం దొరికింది. 1606లో మదురైకి వచ్చిన రాబర్టో డి నోబిలి అనే ఇటలీ గురువు కాషాయం కట్టి, జంధ్యం వేసుకుని, బ్రాహ్మణ వంటమనిషిని పెట్టుకుని, పాత సంఘానికి దూరంగా వేరే ఇంట్లో కాపురం పెట్టాడు. మతం మారిన బ్రాహ్మణులు జంధ్యం, పిలక, గంధం బొట్టు ఉంచుకోవచ్చన్నాడు. అవి మతానికి గుర్తులు కావు, హోదాకు గుర్తులు అని ఆయన వాదన. ఆయన సభకే చెందిన ఇంకో గురువు ఎదురు తిరిగాడు. గొడవ గోవాకు పోయింది, అక్కణ్ణించి రోముకు పోయింది. ఇద్దరూ పుస్తకాలకు పుస్తకాలు రాశారు. 1623లో పదిహేనో గ్రెగరీ పోపు, ఇంకా విచారించేదాకా జంధ్యం ఉంచుకోవచ్చని తీర్పిచ్చాడు. పైకులాలవాళ్ళు కిందివాళ్ళను గుళ్ళో చిన్నచూపు చూడొద్దని కూడా ఆ తీర్పులో బతిమిలాడాడు. జంధ్యానికి అనుమతి, మాకు బతిమిలాట.

వందేళ్ళ తర్వాత కూడా అది తెగలేదు. 1704లో పోపు ప్రతినిధిగా పాండిచ్చేరికి వచ్చిన టూర్నన్ ఒక ఆజ్ఞ వేశాడు. జబ్బుపడ్డ పరయల గుడిసెల్లోకి గురువులు పోయి అంత్య సంస్కారం ఇవ్వాలన్నది అందులో ఒకటి. అంటే అప్పటిదాకా పోవడం లేదన్నమాట. చావబోయేవాణ్ణి గుడిసెలోంచి బయటికి మోసుకొస్తే గానీ గురువు ముట్టడు. దీని మీద ఇంకో నలభై ఏళ్ళు వాదించారు. గుడిసెలోకి పోతే పైకులాలవాళ్ళు మతం వదిలేస్తారని భయం. చివరికి 1744లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు కాలంలో కనిపెట్టిన ఉపాయం ఏందంటే, పరయలకు వేరే గురువులు. గురువుల్లోనే మాలపల్లి కట్టారు! నూటముప్పై ఎనిమిదేళ్ళ వాదన అట్టా తీరింది. టూర్నన్ ఆజ్ఞలోనే ఇంకొకటి, క్రైస్తవ వాద్యగాళ్ళు విగ్రహాల పండగలకు పోయి వాయించకూడదని. పరై అంటే తమిళంలో డప్పే. మా డప్పు నాకు అక్కడ దొరికింది, నిషేధంలో.

ఆ పుస్తకాలు మూసి నేను లెక్కపెట్టుకున్నది ఒకటే. జంధ్యానికి ఇద్దరు వకీళ్ళు, గోవాలో ఒక సభ, రోములో ఇంకొకటి, వంద సంవత్సరాల గడువు. డప్పుకు ఒక వాక్యం. ఆ కాగితాల కట్టల కథంతా చదివినా, గుడిసెలో పడుకున్న ఆ పరయను పిలిచి "అయ్యా, నీ సంగతేంది?" అని ఎవరైనా అడిగిన జాడ నాకు కనపళ్ళేదు. సిద్ధాంతం ఎవరి వంటి మీద అమలవుతుందో వాడికి తప్ప అందరికీ మాట్లాడే హక్కుంది. మా పాస్టరుగారి ఇంట్లో జరిగింది కూడా అదే గదా, ఇంత చిన్నగా, ఒక గంటలో.

మాకు ఇంకొక చిక్కుంది. బాప్టిస్టుల్లో బిషపు ఉండడు. ఏ సంఘానికి ఆ సంఘమే యజమాని. రాజు చెప్పిన మతం మేం నమ్మం అని యూరపులో జైళ్ళకు పోయినవాళ్ళు సంపాదించుకున్న స్వేచ్ఛ అది, గొప్పదే. కానీ మా పల్లెకొచ్చేసరికి ఆ స్వేచ్ఛ పదకొండు మంది చేతిలో పడింది. వాళ్ళు కాదంటే పైన వినేవాడు లేడు. అప్పీలు చేసుకుందామన్నా తీర్మానం నకలు కావాలి గదా. మా నాయన అడిగాడు, ఏ తప్పుకు ఎన్నాళ్ళు ఆపారో ఒక కాగితం రాసివ్వమని. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో బయటివాళ్ళకు అర్థం కాదు, మనకు అవుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించారు, మాకు లేదు. మతం మారిన మాదిగ బీసీ-సీలోకి పోయి ఒక్క శాతంలో పడాలి. అందుకని ఆదివారం ఒక పేరు, ఎమ్మార్వో ఆఫీసులో ఇంకో పేరు. కమిటీలో టీచర్లున్నారు, కరెంటాఫీసు బంట్రోతు ఉన్నాడు. ఫలానా సభ్యుణ్ణి సంఘంలోంచి ఆపాం అని సంతకాలు పెట్టి రాస్తే, ఆ కాగితం రేపు ఎవరి చేతిలో పడుతుందో. (నా సర్టిఫికెట్టు సంగతి మీరు అడగొద్దు, నేను చెప్పను.) వర్గీకరణ చట్టం 2000లో వచ్చి 2004లో సుప్రీంకోర్టులో కొట్టుకుపోయి, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి సరేనన్నదాకా ముప్పై ఏళ్ళు మేము కాగితాల కోసమే కొట్లాడాం. ప్రభుత్వాన్ని ప్రతిదీ రాతలో అడిగినవాళ్ళం, మా గుళ్ళో మాత్రం ఒక్క ముక్క రాయలేకపోయాం. మా భయాన్ని సృష్టించింది ఢిల్లీ ఉత్తర్వే, ఒప్పుకుంటాను. ఆ భయం చాటున మా నాయన నోరు నొక్కింది మాత్రం ఢిల్లీ కాదు.

ఆయన గుడి మానలేదు. పదమూడేళ్ళు ప్రతి మొదటి ఆదివారం వెనక చాప మీద కూర్చున్నాడు. పళ్ళెం వస్తుంటే తల వంచుకునేవాడు కాదు, దాన్నే చూస్తా ఉండేవాడు. ఈ మధ్యలో మా పల్లెకు కొత్త సంఘాలు మూడొచ్చాయి. మళ్ళీ మునిగితే బల్ల ఇస్తామని ఒకాయన ఇంటికొచ్చి మరీ అడిగాడు. "ఒకసారి ముంచారు, తేలాను. చాల్లే అయ్యగారూ" అన్నాడు మా నాయన. మా అమ్మ మాత్రం బల్ల తీసుకునేది. నాకు ఒళ్ళు మండేది, ఆయనకు లేంది నీకెట్టా మింగుడు పడుతుందని ఒకసారి అడిగాను కూడా. "బల్ల పాస్టరుగారిది గాదు, నేనెందుకు మానుకుంటా?" అన్నది. ప్రతి క్రిస్మసుకూ ఆమె పాస్టరుగారి దగ్గరకు పోయి ఆయన సంగతి ఏం చేశారని అడిగేదని తర్వాత తెలిసింది. చూద్దాం అనేవాళ్ళంట. పాస్టర్లు నలుగురు మారారు.

2009 జనవరిలో మా నాయన పోయాడు. సమాధుల దొడ్లో చోటిస్తారో ఇవ్వరోనని నేను కొట్లాటకు సిద్ధమైపోయాను. ఎవరూ కాదనలేదు. క్రమశిక్షణ సంగతి ఎవరూ ఎత్తనే లేదు. ఎత్తితే విచారణ చెయ్యాలి గదా. దండోరా కుర్రాళ్ళు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు, డప్పులు కాపుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. డప్పుల్తోనే తీసుకుపోవాలని నేనూ అన్నాను. మా అమ్మ శవం దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"మీ నాయన్ని అడిగారా?"

అడగలేదు. పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా, నాయనా నీ చావుకు డప్పు కావాలా వద్దా అని నేను అడగలేదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసనుకున్నాను. కుర్రాళ్ళు డప్పులు గోడకు ఆనించారు. మా అమ్మ పాట అందుకుంది, ఆడవాళ్ళు పలికారు, అట్టాగే తీసుకుపోయాం.

కిందటేడు ఊరికి పోయినప్పుడు ఇప్పటి పాస్టరును కమిటీ పుస్తకం చూపించమని అడిగాను. ఈయన కుర్రవాడు, అనుమానించకుండా బీరువా తీశాడు. 1995 సెప్టెంబరు శనివారం దొరికింది. అట్ట చెదలు తిన్నది గానీ పేజీ బాగానే ఉంది. ప్రారంభ ప్రార్థన ఎవరు చేశారో రాసుంది. తీర్మానాలు అని గీత గీసి, కింద రెండు ఉన్నాయి. గుడికి సున్నం వేయించడానికి రెండు వందల నలభై రూపాయలు. మైకు బాగుచేయించడానికి డెబ్బై. ముగింపు ప్రార్థన. కింద ఎనిమిది సంతకాలు, మూడు వేలిముద్రలు. మూడో వేలిముద్ర పక్కన బ్రాకెట్లో తాత పేరు రాసుంది. పేజీ తిప్పి అటువైపు కూడా చూశాను. అక్టోబరు నెల కానుకల లెక్క.